అన్నీ మార్చారు, ఎర్త్ మాత్రం చూడలేదు

హెడ్‌లైట్లు వేస్తే ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుంది? ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా వేసుకుని ఉంటే నా 1977 ఫోర్డ్ ఎఫ్-100 పికప్ మీద అంత డబ్బు దండగ అయ్యేది కాదు.

నేను డాలస్ దగ్గర ఉంటాను. బండి కొన్నప్పటి నుంచీ ఇదే వరస. పగలు బాగానే ఉంటుంది, రాత్రి లైట్లు, హీటర్ ఫ్యాన్ వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, ఆపేస్తే దిగిపోతుంది. బ్యాటరీలో నీళ్ళు చూస్తుండగానే తగ్గిపోయేవి. షాపుకి తీసుకెళ్తే ముందు బ్యాటరీ అన్నారు, తర్వాత ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ఆ తర్వాత దాని వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్, మధ్యలో థర్మోస్టాట్ కూడా. అన్నిటికీ డబ్బు కట్టాను. ఒక్కరోజు కూడా ఒక్కరూ వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ చేతిలోకి తీసుకోలేదు, నాకు మండేది అక్కడే.

డాష్‌లో ఆమీటర్, అదే బ్యాటరీలోకి కరెంటు వెళ్తోందో బయటికి వస్తోందో చూపే ముల్లు, ఉంది కదా అంటారు. ఆ కాలం ఫోర్డుల్లో అది వైరింగ్‌లో ఒక ముక్క మీద పడే చిన్న వోల్టేజీ తేడాని పట్టుకునే రకం. అన్నీ సవ్యంగా ఉన్నా మధ్యలోంచి పెద్దగా కదలదు, దాన్ని చూసి ఏదీ తేల్చలేం.

చివరికి ఒక శనివారం నేనే మొదలుపెట్టాను. ఇంజిన్ నడుస్తోంది, లైట్లు ఆపి ఉన్నాయి, బ్యాటరీ మీద 14.3 వోల్టులు. బాగుంది. లైట్లు, ఫ్యాన్ వేశాను, 15.4! లోడ్ పెరిగితే కాస్త తగ్గాలి గానీ పెరగడమేంటి? మీటర్ తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది రెగ్యులేటర్ డబ్బా మీద పెట్టి చూస్తే 1.1. అక్కడ దాదాపు సున్నా రావాలి.

రెగ్యులేటర్ బిగించింది బాడీకి. తన డబ్బాని సున్నా అనుకుని అది వోల్టేజీ కొలుస్తుంది. ఆ బాడీయే 1.1 వోల్టులు పైకి లేచి ఉంటే, 15.4 ఉన్నా దానికి 14.3 లాగే కనిపిస్తుంది, ఇంకా తోస్తూనే ఉంటుంది, పాపం బ్యాటరీ ఉడికిపోతుంది. టెంపరేచర్ ముల్లుదీ అదే కథ. మీటర్లకి కరెంటిచ్చే చిన్న రెగ్యులేటర్ సగటున 5 వోల్టులు ఇస్తుంది, అదీ బాడీ లెక్కన. ఇంజిన్ వేడిని ఆ ముల్లుకి తెలిపే సెండర్ మాత్రం ఇంజిన్ మీద ఉంది. ఆ 5కి బాడీ మీది 1.1 కూడా కలిసి తేడా 6 దాటితే ముల్లు లేవకుండా ఎలా ఉంటుంది? ఇంజిన్ అసలు వేడెక్కనే లేదు.

లైట్లు, ఫ్యాన్ వాడిన కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్ళే దారిని మన దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్లు బాడీ ఎర్త్ అంటారే, అదే సరిగా లేదు. పాత ఓనర్ ఎప్పుడో ఇంజిన్ మార్పించినట్టున్నాడు, ఇంజిన్ నుంచి ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే బాడీ గోడకి, రావాల్సిన అల్లిక పట్టీ మళ్ళీ బిగించలేదు. పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ వేశాను. పది డాలర్లు కూడా కాలేదు. లైట్లన్నీ వేసి కొలిస్తే బాడీకీ నెగటివ్‌కీ మధ్య 0.04, బ్యాటరీ మీద 14.3. ముల్లు కదల్లేదు.

పాత బండి ఉన్నవాళ్ళకి ఒకటే చెప్తా. ఏ పార్టూ కొనకముందు, ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా ఎర్త్ కొలవండి. లైట్లు ఆపి కొలిస్తే ఈ జబ్బు దొరకదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ పరీక్షిస్తామనే వాళ్ళని మాత్రం బానెట్ దగ్గరికి రానివ్వకండి, ఆ దెబ్బకి వోల్టేజీ ఎగిరి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు పోతాయి.

నా పాత ఆల్టర్నేటర్‌ని షాపువాళ్ళు ఎక్స్‌చేంజ్ కింద తీసేసుకున్నారు. బండితో పాటు వచ్చింది అది, దానిలో ఏ లోపమూ లేదు.