ఉత్తీర్ణత శాతం ఒక్కటే చాలదు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పిల్లలను చేర్పించే ముందు పదో తరగతి ఉత్తీర్ణత శాతం చూసుకుంటే సరిపోతుందని ఒక వ్యాసంలో వచ్చిన అభిప్రాయంతో ఏకీభవించలేను. హిందీ మినహా మిగతా సబ్జెక్టుల్లో 35 మార్కులు వస్తే గట్టెక్కినట్టే కాబట్టి, నూటికి నూరు శాతం సాధించిన బడిలో సైతం లెక్కలు నిజంగా వచ్చినవారెందరో ఆ అంకె చెప్పదు. పైగా పదిహేను మంది పరీక్ష రాసిన బడినీ నూట యాభై మంది రాసిన బడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్చేటప్పుడు నేను ముందుగా చూసింది ప్రధానోపాధ్యాయుల గదిలో గోడకు అంటించిన టైంటేబుల్‌ను. అందులో భౌతికశాస్త్రానికీ జీవశాస్త్రానికీ ఒకే పేరు ఉండటం చూసి ఆరా తీస్తే, బదిలీల తర్వాత ఒక పోస్టు ఖాళీగా ఉండిపోయిందనీ, జీవశాస్త్రం మాస్టారే రెండూ చెబుతున్నారనీ తెలిసింది (ఆయన బాగానే చెప్పారు, అది వేరే సంగతి). ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ (పేద కుటుంబాల్లోని ప్రతిభావంతులకు కేంద్రం ఇచ్చే ఉపకారవేతనం) పరీక్షకు ఎందరి చేత దరఖాస్తు చేయించారో అడగడం నా దృష్టిలో ఇంకా మంచి ఆనవాలు. ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల ఉపకారవేతనం అందుతుంది గానీ, ఆదాయ ధ్రువపత్రం మొదలుకొని బ్యాంకు ఖాతా వరకు వెంటపడి సిద్ధం చేయించే ఉపాధ్యాయులు లేనిచోట అర్హులైన పిల్లలు కూడా ఆ పరీక్షకే కూర్చోరు. మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయో లేదో మాత్రం సెలవు రోజున కాకుండా మధ్యాహ్న భోజన సమయంలో వెళ్లి చూడాలి.