సవరణ: జీపీఎస్ లేకుండా వేపాయింట్‌కు

వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రం నుంచి దిశ తెలిపేది), డీఎంఈ (దూరం తెలిపేది) పరికరాలు మాత్రమే ఉన్న విమానం అమెరికాలో ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే నియమాలు) కింద ఎగురుతూ, చార్టులో అయిదక్షరాల పేరున్న ఏ బిందువుకైనా చేతిలో పట్టుకునే జీపీఎస్ చూసుకుని వెళ్లవచ్చని మొన్న రాశాను. అది తప్పు. నమ్మి ఎవరైనా ఆచరిస్తే ప్రమాదం కాబట్టి వెంటనే సరిచేస్తున్నాను.

అయిదక్షరాల పేర్లలో రెండు రకాలున్నాయి. చార్టులో త్రిభుజంగా కనిపించే ఫిక్స్‌ను రెండు వీఓఆర్ రేడియల్స్ (కేంద్రం నుంచి ఒక్కో దిశలో సాగే గీతలు) కలిసే చోటుగానో, ఒక రేడియల్ మీద డీఎంఈ దూరంతోనో గుర్తించవచ్చు. దానికి పాత పరికరాలు చాలు. అయితే ఎక్కడినుంచైనా నేరుగా కాదు, ముందు ఆ రేడియల్‌ను అందుకోవాలి. నాలుగు కొనల నక్షత్రం గుర్తున్న వేపాయింట్ సంగతి వేరు. అది అక్షాంశ రేఖాంశాలతో నిర్ణయించినది. ఆర్‌నావ్ పరికరం (ఏ బిందువుకైనా నేరుగా దారి చూపేది) లేనిదే దానికి దారి పట్టకూడదు.

చేతి జీపీఎస్ మనం ఎక్కడున్నామో గమనించుకోవడానికే; ఐఎఫ్ఆర్‌లో దారి చూపే సాధనంగా చెల్లదు. అలాంటి వేపాయింట్‌కు నేరుగా వెళ్లమని క్లియరెన్స్ (కంట్రోలర్ అనుమతి) వస్తే "అనేబుల్" (unable, అంటే వీలుకాదు) అని స్పష్టంగా చెప్పండి. కంట్రోలర్ రాడార్ వెక్టర్ (రాడార్‌లో చూస్తూ చెప్పే దిశ) ఇవ్వగలరు, లేదా వీఓఆర్ మీదుగా మరో దారి చూపుతారు.