గుండెనొప్పికి కారం నీళ్లు తాగించకండి

పర్లాకిమిడిలో మా చుట్టాల గ్రూపులన్నిటిలో ఈ నెలంతా ఒకటే మెసేజ్ తిరుగుతోంది, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఇంకోసారి. "గుండెపోటు వచ్చినవాళ్లకు గ్లాసు నీళ్లలో చెంచా కారం కలిపి తాగిస్తే నిమిషంలో లేచి కూర్చుంటారు. రోజూ పరగడుపున రెండు పచ్చిమిరపకాయలు నమిలితే షుగర్ బిళ్లలు అక్కర్లేదు. మిర్చిలో నారింజ కన్నా విటమిన్ సి ఎక్కువ."

మొదటి మాటే ప్రాణం మీదికి తెచ్చేది. పోయిన వారం మా వీధిలో ఒక తాతగారు గుండె పట్టుకుని అరుగు మీద కూలబడితే, పక్కింటావిడ నిజంగానే ఎర్రటి గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. పాపం, చేతులు వణుకుతున్నాయి. ఆయన అప్పటికే మగతలో ఉన్నారు. ఆ నీళ్లు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. గుండెపోటంటే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడటం. కడుపులోకి వెళ్లిన కారం దాన్ని కరిగించలేదు. పెద్దాసుపత్రి కోసం ఇక్కడి నుంచి బరంపురమో శ్రీకాకుళమో పోవాల్సిన మనకు ప్రతి నిమిషమూ విలువైనదే. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగితే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండండి.

"మరి ఇటలీ పరిశోధనో?" అన్నాడు మా బావ. అది 2019లో వచ్చింది, నిజమే. మోలీజే ప్రాంతంలో 22,811 మందిని ఎనిమిదేళ్ల పాటు గమనించారు. వారానికి నాలుగుసార్ల కంటే ఎక్కువగా మిర్చి తినేవాళ్లలో గుండెజబ్బు చావులు తక్కువగా కనిపించాయి. కానీ అది రోజువారీ తిండి అలవాటు గురించి. తగ్గడానికి మిర్చే కారణమని కూడా అది తేల్చలేదు.

విటమిన్ సి మాట నిజమే, కాకపోతే తూకానికి తూకం చూస్తేనే. ఒక పచ్చిమిరపకాయ ఐదు గ్రాములు తూగితే గొప్ప. మనం చల్దన్నంలో, ఒడియావాళ్లు పఖాళలో ఉల్లిపాయతో కొరుక్కునే రెండు కాయలతో రోజుకు కావలసిన దాంట్లో కొంతే వస్తుంది. ఎండబెడితే అదీ చాలావరకు పోతుంది. ఒక మోస్తరు జామకాయ తింటే రోజంతటికీ సరిపోతుంది.

కారం తింటే అల్సర్ వస్తుందని భయపెట్టేవాళ్ల మాటా తప్పే. ఎక్కువ అల్సర్లకు కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా, నొప్పి మాత్రలు. ఆ బాక్టీరియాను కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. ఉన్న పుండును మాత్రం కారం మండిస్తుంది.

ఇక షుగర్. మా పిన్ని ఈ మెసేజ్ నమ్మి పది రోజులు బిళ్లలు మానేసింది. పరీక్ష చేయిస్తే 300 దాటింది. డాక్టరు దగ్గర కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టించాం. చల్దన్నంలో పచ్చిమిర్చి ఎప్పటిలాగే కొరుక్కుంటోంది, దాన్ని నేను వద్దనలేదు.