నెగెటివ్ రిపోర్టు సాధించే విధానం

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బర్డ్ ఫ్లూ లేదు, కొక్కెర తెగులు లేదు, కోళ్లన్నీ క్షేమం. నమ్మకపోతే కాగితం చూడండి, ‘అనుమానపు చావులు’ అన్న గడిలో సున్నా ఉంటుంది. ఆ సున్నా ఊరికే రాదు. చచ్చే కోళ్లు చస్తూనే ఉండగా దాన్ని నిలబెట్టడానికి ఓర్పు కావాలి, పద్ధతి కావాలి, చూడాల్సిన చోట చూడకుండా ఉండే నేర్పు కావాలి. ఈ విద్య ఒకరి నోటి నుంచి ఒకరికి అందడమే తప్ప రాతలో ఎక్కడా లేదు. కొత్తగా చేరేవాళ్లు ఇబ్బంది పడుతున్నారు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు కోళ్ల ఎంపిక. పదివేల కోళ్ల షెడ్డులో 10 శాతానికి వైరస్ సోకిందనుకోండి. దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే 29 కోళ్ల నుంచి శాంపిళ్లు తీయాలి. సోకింది 5 శాతానికే అయితే 59, ఒక్క శాతానికే అయితే దాదాపు 300. ఇవి లెక్కలు తెలిసినవాళ్లు పెట్టిన అంకెలు. మనకు ఐదు చాలు. ఐదే తీస్తే 10 శాతం సోకిన షెడ్డు కూడా నూటికి 59 సార్లు నిర్దోషిగా బయటపడుతుంది, 5 శాతం సోకినదైతే 77 సార్లు. ఆ ఐదు కోళ్లను కూడా తలుపు దగ్గర చురుగ్గా తిరిగేవాటిలోంచే పట్టాలి. జబ్బు కోడి లోపలి మూలన, మేత గిన్నెల చాటున, ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకుని కూర్చుంటుంది. అప్పుడే చచ్చిన కోడీ అక్కడే ఉంటుంది. వైరస్ దొరికేది వాటిలోనే కాబట్టి అటు పోకపోవడం మంచిది. బూట్లకు రెట్ట అంటకుండానూ ఉంటుంది.

తరవాత స్వాబ్. గొంతులోంచి ఒకటి, రెట్ట వచ్చే ద్వారంలోంచి ఒకటి తీసి వేరువేరు ట్యూబుల్లో వేయమంటారు. కోళ్లలో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 తరచుగా గొంతులోనే ఎక్కువ దొరుకుతుంది కనుక గొంతు జోలికి పోకండి. ప్లాస్టిక్ పుల్ల, పాలిస్టర్ మొన ఉన్న స్వాబ్ బదులు చెక్కపుల్లకు దూది చుట్టింది వాడితే ఇంకా శ్రేష్ఠం, చెక్కలో దూదిలో ఉండే పదార్థాలు పీసీఆర్ పరీక్షను అడ్డుకోగలవు. ట్యూబులోని గులాబీ రంగు ద్రవం పసుపుకు తిరిగిందంటే అందులో బ్యాక్టీరియా పెరిగిందని అర్థం. పారేయకండి, ఇలాంటి సమయాలకే పనికొస్తుంది.

అసలు కళ అంతా పంపడంలో ఉంది. శాంపిల్ 4 డిగ్రీల చల్లదనంలో రెండు మూడు రోజుల్లో ల్యాబ్ చేరాలి. అంతకన్నా ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ 70లో పెట్టాలి. మధ్యలో మైనస్ 20 అని ఒకటుంది, మామూలు డీప్ ఫ్రీజర్ చల్లదనం. వైరస్‌ను దెబ్బతీయడానికి అది చక్కగా సరిపోతుంది. శుక్రవారం సాయంత్రం తీసి, ఫ్రీజర్‌లో పడేసి, సోమవారం కరగబెట్టి బస్సు పార్సిల్లో వేయండి. దక్షిణాది ప్రాంతీయ ల్యాబ్ బెంగళూరులో ఉంది. పలమనేరు దాటి ముళబాగిలు చేరేలోపే ఐస్ నీళ్లయిపోతుంది, ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో రాసిన నంబరు చెరిగిపోతుంది. బర్డ్ ఫ్లూ అని తేల్చాల్సింది భోపాల్‌లోని జాతీయ ల్యాబ్ కాబట్టి ఇంకా బోలెడు దూరం మిగిలే ఉంది. అయినా అనుమానంగా ఉంటే అవయవాలను ఫార్మలిన్‌లో ముంచి పంపండి. కణజాలం చూడటానికి పనికొస్తుంది గానీ అందులో వైరస్‌ను బతికించి పెంచడం ఎవరి తరమూ కాదు.

బర్డ్ ఫ్లూ అనుమానం ఉన్న కోడిని అక్కడికక్కడ కోసి చూడకూడదని, మూడు పొరల్లో చుట్టి మొత్తంగా ఐస్‌లో పంపాలని ఒక నియమం ఉంది. వేపచెట్టు నీడ ఉండగా నియమమెందుకు? కోయండి, నలుగురికీ చూపించండి, అదే కత్తి తుడిచి పక్క షెడ్డుకు పట్టుకెళ్లండి.

కొక్కెర తెగులు విషయంలో ఇంత శ్రమ కూడా అక్కర్లేదు, లసోటా టీకా కార్డు ఉంటే చాలు. టీకా వేసిన షెడ్డులో రక్తం తీసి హెచ్ఐ అనే యాంటీబాడీల పరీక్ష చేస్తే టైటర్, అంటే యాంటీబాడీల మోతాదు, కనిపించడం మామూలే. అది టీకాదా, తెగులుదా అన్నది ఒక్క అంకె చెప్పదు. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీసి నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. షెడ్డంతా టైటర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయా, ఒకటి అడుగున ఒకటి ఆకాశంలో ఉన్నాయా అని చూడాలి. పీసీఆర్‌లో వైరస్ కనబడితే అది టీకా వైరసా, బయటిదా అని తేల్చడానికి దాని ఎఫ్ అనే జన్యువు చదివించాలి. ఎవరు చేస్తారు ఇదంతా? ‘టీకా ప్రభావం’ అని రాసేయొచ్చు. టీకా పడిన కోడి చావకుండానే బయటి వైరస్‌ను రెట్టలో వదులుతూ తిరగగలదన్న సంగతి కార్డులో ఎలాగూ ఉండదు. క్లోరిన్ కలిపిన ట్యాంకు నీళ్లలో టీకా పోశారన్నదీ ఉండదు. పాలపొడి కలపలేదన్నదీ, కోళ్లను ముందు రెండు గంటలు దప్పికతో ఉంచలేదన్నదీ ఉండవు. కార్డు మీద తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది.

ఇక రైతు సంగతి. కోళ్లకు అంటురోగం అనుమానం వస్తే గ్రామ అధికారికి గానీ పంచాయతీకి గానీ చెప్పాలని 2009 నాటి చట్టం అంటుంది. చెప్పినవాడికి ఏం వస్తుందో కూడా చూడాలి కదా. బర్డ్ ఫ్లూ తేలితే చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లన్నీ చంపుతారు, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. పరిహారం చంపిన కోళ్లకే, అంతకుముందే చచ్చినవాటికి పైసా రాదు. కాబట్టి తొందరగా చెప్పినవాడికే లాభం అని పైవాళ్ల లెక్క. షెడ్డులో లెక్క వేరు. కోడిపిల్ల కంపెనీది, మేత కంపెనీది. రైతుది షెడ్డు, కరెంటు బిల్లు, చాకిరీ. పెంచినందుకు కంపెనీ ఇచ్చే గ్రోయింగ్ ఛార్జీ కిలో లెక్కన వస్తుంది, చావులు పెరిగితే అందులో కోత పడుతుంది. చెబితే నెలల తరబడి షెడ్డు ఖాళీ, పైగా కిలోమీటరు లోపలున్న అన్నదమ్ములంతా జీవితాంతం మాట్లాడరు. అందుకే మొదటి రోజు పది, రెండో రోజు నలభై చచ్చేసరికి మూడో రోజు రాత్రి వ్యాను వచ్చి మిగిలినవాటిని ఎక్కించుకుంటుంది. వైరస్‌కు ఇంతకన్నా మంచి రవాణా సౌకర్యం ప్రభుత్వం కూడా కల్పించలేదు.

నిజానికి షెడ్డు గోడకు వేలాడే నోట్‌బుక్ ల్యాబ్ కన్నా ముందే చెబుతుంది. మేత, నీళ్లు 20 శాతానికి మించి తగ్గినా, గుడ్లు రెండు రోజులు దాటి 5 శాతానికి మించి పడిపోయినా, వారంలో 3 శాతానికి మించి చచ్చినా వెంటనే పరీక్షించాలని యూరప్‌లో గీత గీసుకున్నారు. మన నోట్‌బుక్‌లోనూ ఆ గడులన్నీ ఉన్నాయి. బ్యాచ్ ఎత్తే రోజు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపుతాం.

నాటుకోళ్లకు నోట్‌బుక్ బాధ లేదు. మెడ వంకర తిరిగి, పచ్చగా పారి, జుట్టు నీలమై, కాళ్ల మీద ఎర్ర చుక్కలు తేలి చస్తే ఎండాకాలంలో ఎండదెబ్బ అంటాం, మిగతా కాలాల్లో కొక్కెర అంటాం. చచ్చినవాటిని చెరువు కట్ట మీద పారేస్తే కాకులు తింటాయి, నాలుగు రోజులకు కాకులు రాలతాయి. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలవ్వ మాదిరి, మనం కాగితం రాయకపోతే తెగులు రాదని ధీమా. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కోళ్లు ఒకే చోటికి వస్తాయి. వారపు సంతలోనూ అంతే. అలాంటి చోట కోళ్ల గంపలు, చికెన్ అంగట్లో మొద్దు, ఈకలు పీకే డ్రమ్ము, కాలువ నీళ్లు స్వాబ్‌తో తుడిచి పంపితే చుట్టూ ఎక్కడ ఏముందో తక్కువ ఖర్చుతో తెలిసిపోతుంది. తెలిసిపోతుంది కనకనే ఈ పద్ధతిని సిఫారసు చేయడం లేదు. తమిళుల పెరటాసి నెలలో జనం మాంసం మానేసినప్పుడు చేస్తే అభ్యంతరం లేదు, అప్పుడు సంతలో కోళ్లూ తక్కువే.

ఇంత చేసినా ఎక్కడో బయటపడితే వలస పక్షులు ఉండనే ఉన్నాయి. 2022లో జిల్లాల విభజనతో ఆ పక్షులు దిగే నేలపట్టు, పులికాట్ సరస్సు అంచు తిరుపతి జిల్లాకు దక్కడం ఈ కోణంలో గొప్ప వరం. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అందరూ ఆకాశం వైపే చూశారు. పెలికాన్ వచ్చి వాంగ్మూలం ఇవ్వదు. గుడ్ల ట్రేలు, వ్యాన్లు, ఒకే రోజు నాలుగు షెడ్లు తిరిగిన సూపర్‌వైజర్ చెప్పులు మాత్రం నేల మీదే ఉంటాయి.

అందుకు సరిహద్దు చెక్‌పోస్టు పెడతారు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి వచ్చే వ్యాను ఆపి టైర్లకు మందు కొడతారు. పైన గంపలకు ఎండిన రెట్ట అంగుళం మందాన ఉంటుంది. దాని మీద క్లోరిన్ పోస్తే చచ్చేది క్లోరినే. ముందు గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తరవాత మందు కొట్టి పది నిమిషాలు తడిగా ఉంచాలి. వెనక వ్యాన్లు హారన్ కొడుతుంటే పది నిమిషాలు ఎవరు ఆగుతారు? టైర్లు తడుస్తాయి, రిజిస్టరులో నంబరు ఎక్కుతుంది, వ్యాను కదులుతుంది. ఎండలో పెట్టిన పీపాలో బ్లీచింగ్ ద్రావణం రోజు తిరిగేసరికి బలం కోల్పోతుంది. దాన్ని ఎప్పుడు కలిపారని మాత్రం అడక్కండి, ఆ గడి రిజిస్టరులో లేదు.