ఎముకకు షోకాజ్ నోటీసు

మా బావ గుర్రాన్ని కొన్నాడు. గుర్రం అన్నది ఆయన మాట. నా కంటికి మాత్రం అది పది నెలల ఆడపిల్ల, నాలుగు వెదురు కర్రల మీద ఆరేసిన దుప్పటి. మార్గశిరంలో ఎడ్లు చూసొస్తానని ధర్మాబాద్ నుంచి మాళేగావ్ జాతరకు బయలుదేరాడు (నాసిక్ వైపుది లేతో మాలేగావ్, మా నాందేడ్ జిల్లాది ళేతో మాళేగావ్, కలపకండి). ఖండోబాను దర్శించుకున్నాడు. మన మల్లన్నే, ఇక్కడ గుర్రమెక్కి ఉంటాడు. నుదుటికి భండారా (ఆ దేవుడి పసుపు) పూసుకుని, ఎడ్ల సంగతి మరిచిపోయి, టెంపోలో పిల్లతో దిగాడు.

"ఎందుకు బావా ఇది?" అన్నాను.

"నుదుటి మీద సుడి చూసినవా? ఇంత సుడి ఉన్నది మలక్‌పేటల ఉరకకుంటే ఇంకెక్కడ ఉరుకుతది?"

నోరు మూసుకున్నాను. గుర్రం ఒంటి మీద వెంట్రుకల మెలికా సుడే, మనిషికి కలిసొచ్చే అదృష్టమూ సుడే అని మన భాషే తేల్చేశాక ఇక కాళ్ళు చూడాల్సిన పనేముంది? జాతరలో బావ పిల్ల నుదురు చూశాడు, మెడ చూశాడు, ఛాతీ తడిమాడు. కాళ్ళు చూడాలంటే వంగాలి. ఆయనకు నడుం నొప్పి.

మలక్‌పేట ఆశ కూడా గాలిలో పుట్టింది కాదు. ఆరో నిజాం హయాంలో, 1886లో, హైదరాబాద్ గుర్రప్పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. అప్పుడు మేమూ నిజాం రాజ్యంలోనే ఉన్నాం. రాష్ట్రాల గీతలు తర్వాత గీశారు, ఆ గీతలు గుర్రానికి వర్తించవని బావ వాదన. వర్తించేది వేరే ఉంది. పందెంలో దిగాలంటే అది థరోబ్రెడ్ అనే పందెపు జాతిది అయి ఉండాలి, దాని అమ్మానాన్నల పేర్లు స్టడ్ బుక్‌లో, అంటే ఆ జాతి వంశావళి పుస్తకంలో ఉండాలి. ఈ సరిహద్దులో మనుషులకే క్యాస్ట్ వాలిడిటీ (కులం నిజమేనని సర్కారిచ్చే కాగితం) కోసం చెప్పులు అరుగుతుంటే గుర్రానికి ఎవరిస్తారు? అది తర్వాత చూసుకుందాం, ముందు తయారు చేద్దాం అన్నాడు బావ.

తయారీ మర్నాడే మొదలైంది. కొట్టానికి సిమెంటు గచ్చు, ట్యూబ్‌లైటు, ఫ్యాను. ఉలవలు పేదోళ్ళ తిండని పక్కన పెట్టేశారు. బాదం, నెయ్యి, బెల్లం, వాటి పైన బకెట్ల కొద్దీ గోధుమ పొట్టు. పగలంతా కొట్టంలో కట్టేసి, సాయంత్రం బాసర వైపు తారు రోడ్డు మీద బైకు వెనక పరుగు. పదిహేను రోజుల్లో ఒళ్ళు నిగనిగలాడింది. ఊరంతా వచ్చి ఫోటోలు దిగింది. నాలుగోవారం ముందుకాలు మోకాటి కింద వేడెక్కింది.

పశువుల డాక్టరు వచ్చాడు. ఆయన చెప్పింది విన్నాక నాకు కోపం ఆగలేదు. అందుకే ఈ వ్యాసం.

నా ఫిర్యాదు ఎముక మీద. డాక్టరు లెక్క ప్రకారం గుర్రప్పిల్లకు ఊపిరి, కండ వారాల్లో సిద్ధమవుతాయి. ఎముకకు నెలలు కావాలి. కాలి వెనకుండే టెండన్, అంటే కండను ఎముకకు కట్టే నరంలాంటి తాడు, అంతకన్నా నిదానం. అంటే ఒకే ఒంట్లో ఉంటూ ఊపిరి సంతకం పెట్టేసి ఫైలు పంపేస్తే, ఎముక దాన్ని సొరుగులో పెట్టుకుని కూర్చుంటుందన్నమాట. ఉరకడానికి దమ్ముంది, ఆ దమ్మును మోయడానికి కాలు లేదు. పూర్తి వేగంలో ఒకే ముందుకాలి మీద ఒంటి బరువుకు దాదాపు రెండున్నర రెట్లు పడే క్షణం ఉంటుందట. పడితే పడనీ, మోయడం ఎముక డ్యూటీ కాదా?

పైగా దీని పనితీరు చూడండి. కొత్త భారం పడగానే గట్టిపడాలి కదా? ఇది ముందు పాతదాన్ని తవ్వి తీసేస్తుంది, ఆ తర్వాత కొత్తది పోస్తుంది. ఆ మధ్యకాలంలో మునుపటి కన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే గుర్రం నిగనిగలాడుతుంది, యజమానికి ఉత్సాహం పుడుతుంది. మోకాటి పైనున్న ఎముక చివర అతుక్కోవడానికైతే రెండేళ్ళు, రెండున్నరేళ్ళు. ఏ కాంట్రాక్టరైనా ఇంత ఆలస్యం చేస్తే బ్లాక్‌లిస్టులో పెట్టరా? ఇండియన్ డెర్బీ వాళ్ళూ ఈ జాప్యానికి లొంగిపోయినట్టే ఉంది. 1943లో మొదలైన ఆ పందెం నాలుగేళ్ళ గుర్రాలకు. ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీకి మూడేళ్ళే. ఒక ఏడాది ఊరికే వదిలేశారు!

పోనీ, డాక్టరు నాలుగేళ్ళూ కూర్చోబెట్టి మేపమంటాడా అంటే అదీ కాదు. అలా మేపితే ఎముకకు పరుగంటే ఏమిటో తెలియదట. మోసిన బరువుకు తగ్గట్టే అది కట్టుకుంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన నునమేకర్ అనే పశువైద్యుడు కుర్ర పందెపు గుర్రాల ముంగాలి నొప్పుల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. మైళ్ళ కొద్దీ నిదానంగా దౌడు తీయిస్తే లాభం లేదనీ, కొద్ది దూరం చురుగ్గా ఉరికించి, ఆపి, రెండు మూడు రోజులకు మళ్ళీ ఉరికించాలనీ తేల్చాడు. కొద్దిగా, ఆగి, మళ్ళీ కొద్దిగా. ఈ పద్ధతిలో ఫోటో ఎప్పుడు దిగాలి?

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఇంకా ఘోరం చేశారు. 43 పిల్లల్ని మూడు గుంపులు చేసి, ఒక గుంపును కొట్టంలోనే ఉంచారు. రెండోదాన్ని కొట్టంలో ఉంచి రోజూ పరుగు పెట్టించారు, అంటే బావ పద్ధతి. మూడోదాన్ని తల్లులతో బయలుకు తోలేసి వదిలేశారు. ఐదు నెలల తర్వాత కీళ్ళు, టెండన్లు చూస్తే ఏ కోచింగూ లేని మూడో గుంపుదే పైచేయి. ఇలాంటి ఫలితాలు బయటికి వస్తే మన దగ్గర ఎన్ని హాస్టళ్ళు మూతపడాలో వాళ్ళు ఆలోచించారా?

గోధుమ పొట్టు దగ్గర నాకూ బావకూ ఒకేసారి ఊపిరాగింది. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే పనిగా పెడితే ఒళ్ళు ఆ కొరతను ఎముకల్లోంచి లాక్కుంటుంది. మొహం ఎముకలు ఉబ్బుతాయి, దాన్ని పెద్దతల జబ్బంటారు. "పెద్దతల అయితే మంచిదే గద సార్, పెద్ద సుడి పడుతది" అని బావ అననే లేదు. అనబోయాడు, అక్క చూసింది.

డాక్టరు తారు రోడ్డు వద్దన్నాడు, పొట్టు మాన్పించాడు, పచ్చిమేత రాశాడు, పిల్లను విప్పి వదలమన్నాడు. బావ తల ఊపాడు. ఆయన డాక్టర్లందరికీ అలాగే ఊపుతాడు. షుగరు డాక్టరుకు కూడా.

పిల్లను కాపాడింది డాక్టరు కాదు, మిర్చి. జనవరిలో కోతలు మొదలయ్యాయి. ఫ్యానున్న కొట్టం మిర్చి బస్తాలకు కావాల్సి వచ్చింది. గుర్రమా, మిర్చా అని ధర్మాబాద్‌లో ఎవరినీ అడగక్కర్లేదు. పిల్లను చెలకలోకి తోలేశారు. బాదం తినిపించే తీరిక ఎవరికీ లేదు. రెండు నెలలు అది బర్రె దుడ్డెలతో తిరిగింది, కోసిన పొలాల్లో తనకు తోచినప్పుడు ఉరికింది, తోచినప్పుడు ఆగింది. ఒంటి నిగనిగ పోయింది. తోకకు పల్లేరు కాయలు.

ఉగాది ముందు డాక్టరు మళ్ళీ వచ్చాడు. వంగి కాలు నిమిరి, ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. పిల్ల కదల్లేదు, ఆయన జేబులోని రుమాలు నమలసాగింది.

"మంచిగ పట్టించుకున్నరు. ఏం చేసిన్రు?" అన్నాడు.

"మనం చేసేది ఏముంది డాక్టర్ సాబ్," అన్నాడు బావ వినయంగా, "అంతా సుడి."

మిర్చి పోయిన వారం అమ్ముడైంది. కొట్టం ఖాళీ అయింది. నిన్న కూలరు తెచ్చి బిగించాడు.