ఎత్తుకొచ్చే ముందు ఒక్క ఫోన్

ఏటా ఎండాకాలంలో మా జిల్లా పేజీల్లో ఒకటే వార్త ఊరి పేరు మార్చుకుని వస్తుంటుంది. నీళ్ల కోసం అడవి దాటి వచ్చిన దుప్పి, దాని వెంటపడ్డ కుక్కలు, కర్రలు పట్టుకుని ఉరికిన జనం, చివరికి కాళ్లు కట్టేసిన దుప్పి చుట్టూ నిలబడ్డ వాళ్ల ఫొటో. మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్లు: చికిత్స పొందుతూ దుప్పి మృతి. నిజం చెప్పాలంటే ఆ నాలుగు లైన్లు మేం చాలాసార్లు వేయనే వేయం.

కుక్క కరిచింది తొడ మీద, గాయం బెత్తెడు కూడా లేదు, మరెందుకు చచ్చిపోయిందని ఊళ్లోవాళ్లు అడుగుతారు. కుక్కల నుంచి కాపాడాక అక్కడ జరిగేదేమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దుప్పిని ఎవరో ఒకరి వాకిట్లో పడుకోబెడతారు. గాయం మీద పసుపు అద్దుతారు. పిల్లలు మెడ నిమురుతారు. ఎవరో గిన్నెతో నీళ్లు తెచ్చి మూతి పట్టుకుని పోస్తారు. యాభై మంది మాట్లాడుతుంటారు, యాభై ఫోన్లు వెలుగుతుంటాయి. అది కదలకుండా పడి ఉంటే, మచ్చికైంది చూడు అంటారు. మచ్చిక కాదది, ప్రాణభయంతో బిగుసుకుపోవడం. ప్రాణభయంతో ఉరికి, ఆపైన పట్టుబడి పెనుగులాడిన జింక జాతి జంతువుల్లో కండరాలు లోపల్లోపలే చితికిపోతాయి. వాటిలోంచి వచ్చే చెడు పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది, గుండె మీద పడుతుంది. కొన్ని గంటల్లోనే పోవచ్చు, రెండు మూడు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి కూడా పోవచ్చు. దాని కళ్ల మీద ఒక గుడ్డ కప్పి, చీకటి గదిలో వదిలి, జనాన్ని పంపించేస్తే చాలావరకు మేలు. మూతి పట్టి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది.

ఇంతకన్నా బాధ కలిగించేది కూనల సంగతి. తునికాకుకు వెళ్లిన వాళ్లకో, మేకలు కాసేవాళ్లకో గడ్డిలో ముడుచుకుని పడుకున్న దుప్పి కూన కనిపిస్తుంది. చుట్టుపక్కల తల్లి ఉండదు. అయ్యో పాపం అని చంకనెత్తుకుని ఇంటికి తెస్తారు. తల్లి ఎక్కడికీ పోలేదు. పుట్టిన కొత్తలో కూనను గడ్డిలో దాచి, దూరంగా మేసి, పాలివ్వడానికి మాత్రమే వచ్చి పోవడం దాని పద్ధతి. తన వెంట తిప్పుకుంటే తోడేళ్ల కంటా, చిరుత కంటా పడుతుందని. మనం ఎత్తుకొచ్చిన ఆ కూన అప్పటిదాకా అనాథ కాదు. ఇంటికి తెచ్చాక దానికి గేదె పాలు, ఆవు పాలు పడతారు. అవి పడక విరేచనాలు పట్టుకుంటాయి. మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట ఊళ్లలో గట్టిగా ఉంది. ఆ భయంతోనే చాలామంది వెనక్కి తీసుకెళ్లరు. ఎత్తిన చోటే, అదే రోజు వదిలి దూరంగా తప్పుకుంటే తల్లి వచ్చి తీసుకెళ్లే అవకాశమే ఎక్కువ.

తీసుకెళ్లని సందర్భాలూ ఉంటాయి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురంలో దొరికిన నాలుగు పులి కూనలను తల్లి దగ్గరికి చేర్చడానికి అటవీ సిబ్బంది రోజుల తరబడి ప్రయత్నించారు. ఫలించలేదు. కూనలను తిరుపతి జూకు తరలించారు. ఆ వార్త చదివి, కూనలు బతికాయి కదా అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. బోనులో పెరిగే పులికి వేట ఎవరు నేర్పుతారన్న ప్రశ్న పెద్దగా ఎవరూ వేయలేదు.

ఆ ప్రశ్నకు మధ్యప్రదేశ్‌లో ఎప్పుడో జవాబు దొరికింది. కన్హాలో 2005లో తల్లి చనిపోయిన పులి కూనలను అడవిలోనే పెద్ద ఆవరణ కట్టి, మనుషులు కంటపడకుండా, వేట నేర్చుకునేలా పెంచారు. అందులో రెండు ఆడపులులను 2011లో, 2009 నాటికి పులులు అంతరించిపోయిన పన్నాకు పంపారు. వాటిలో ఒకటి అక్కడ పిల్లలను కన్నది. అస్సాంలోని కజిరంగ దగ్గర అనాథ ఖడ్గమృగం దూడలను సీసాపాలతో పెంచి మానస్ అడవిలో వదిలారు, అవీ ఈనాయి. పెంచేటప్పుడు మనిషి ఎంత తక్కువ కనిపిస్తే అంత మంచిదని ఈ రెండు చోట్లా తెలిసింది. మన దగ్గర ముద్దు పేరు పెట్టి, బిస్కెట్ తినిపించి, కెమెరా ముందు నిలబెట్టడం మామూలైంది. ఆ ముద్దుకు అలవాటు పడిన జంతువును అడవిలో వదిలినా మళ్లీ ఊరినే వెతుక్కుంటూ వస్తుంది.

ఇది మనకు దూరపు సంగతేం కాదు. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి వచ్చిన పులులు కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లలు పెట్టాయి. అక్కడే 2024 జనవరిలో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చనిపోతే విషప్రయోగం జరిగిందని అధికారులు అనుమానించారు. రేపు అలా పోయేది పాలిచ్చే పులైతే, కూనలను ఏ బండిలో ఎక్కించి ఎక్కడికి తీసుకెళ్తాం? ఏటూరునాగారం అడవిలో దుప్పికి కాలు విరిగితే హన్మకొండకు చేరడానికే దాదాపు వంద కిలోమీటర్లు. హంటర్ రోడ్డులోని కాకతీయ జూపార్కు సిబ్బందికి ముందున్న పని, తమ బోనుల్లో ఉన్నవాటిని చూసుకోవడం. అడవి నుంచి వచ్చే ప్రతి గాయాన్నీ వాళ్ల గుమ్మం దగ్గర దించడం న్యాయం కాదు. మండల పశువైద్యుడికి గేదె తెలుసు, మేక తెలుసు. చిరుతకు మత్తు సూది వేయమంటే ఆయనకు టెన్షన్ రాదా?

ములుగు వైపు ఒకటి, ఆదిలాబాద్ వైపు ఒకటి చిన్న చికిత్స కేంద్రాలు కావాలని మేం కోరుతున్నాం. సందర్శకులకు టికెట్ ఇచ్చే కేంద్రాలు వద్దు. నాలుగు చీకటి గదులు, చుట్టూ తడికె కట్టిన పెద్ద ఆవరణ, ఎత్తగలిగే బోను ఉన్న ఒక వాహనం, అడవి జంతువుల వైద్యంలో శిక్షణ పొందిన ఒక డాక్టర్ చాలు. కోతుల కోసం నిర్మల్ జిల్లాలో 2020లో పునరావాస కేంద్రం తెరిచిన ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు. పంటలు పాడవుతున్నాయని రైతులు మొత్తుకుంటే అది వచ్చింది. దుప్పి తరఫున మొత్తుకునేవాళ్లు లేరు.

డబ్బు లేకుండా అయ్యే పనులూ ఉన్నాయి. గట్టు లేని వ్యవసాయ బావుల్లో గుడ్డేలుగులు పడుతున్నాయి. చుట్టూ జనం కేకలు వేస్తున్నంతసేపు అది లోపలే గిరగిరా తిరుగుతుంది. నిచ్చెనో, మొద్దో దించి అందరూ తప్పుకుంటే చాలాసార్లు రాత్రిపూట తనంతట తానే ఎక్కి వెళ్లిపోతుంది. ఇక అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం నేరమని ఎన్నిసార్లు రాసినా, ఆ తీగకు మనుషులు కూడా పోతున్నా ఆగడం లేదు.

ఫోన్ చేయడానికి జనం భయపడుతున్నారు. గాయపడ్డ జంతువు కనిపించిందని చెబితే, నువ్వే ఉచ్చు పెట్టావా అని స్టేషన్ చుట్టూ తిప్పుతారేమోనని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జంతువును పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరమే. కానీ సమాచారం ఇచ్చినవాడు నేరస్తుడు కాడు. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లను వేధించకూడదని చట్టం ఉన్నట్టే, అడవి విషయంలోనూ అలాంటి భరోసాను అటవీ శాఖ రాతపూర్వకంగా ఇవ్వాలి. బీట్ ఆఫీసర్ నంబరును అడవి పక్క ఊళ్లన్నిటిలో పంచాయతీ గోడ మీద, ఉపాధి హామీ లెక్కలు రాసే చోటే రాయించాలి. రాత్రి తొమ్మిది దాటినా ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి.

మా వంతుగా, దుప్పి చుట్టూ జనం నిలబడ్డ ఫొటోలు ఇకపై ఈ పత్రిక వేయదు. ఆ మర్నాటి నాలుగు లైన్లు మాత్రం తప్పకుండా వేస్తాం, జిల్లా మొదటి పేజీలోనే.