ఆయిలర్‌కి కంప్యూటర్ అక్కర్లేకపోయింది

పెద్ద సంఖ్య ప్రధానమో కాదో తేల్చడం కంప్యూటర్ వచ్చాకే సాధ్యమైందని ఒక వ్యాసంలో రాశారు, కానీ అది నిజం కాదు. 4294967297 సంగతి చూడండి. ఇది 2 ఘాతం 32కి ఒకటి కలిపితే వచ్చేది. 2 ఘాతం 1, 2, 4, 8, 16లకి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి, అదే పద్ధతిలో వచ్చే ఇదీ ప్రధానమేనని 17వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టేశాడు. గుడ్డిగా భాగించుకుంటూ పోనక్కర్లేదండీ. దీనికి ప్రధాన కారణాంకం ఏదున్నా 64తో భాగిస్తే 1 మిగలాలని తర్వాత ఆయనే నిరూపించాడు. ఆ లెక్కన పరీక్షించాల్సినవి 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదోదానికే దొరికిపోతుంది!

641 అంటే 5×128+1, అలాగే 625+16 కూడా. ఈ రెండు రూపాల్నీ కలిపి వాడితే భాగహారం చేయకుండానే నిరూపణ వస్తుంది, కాగితం మీద ప్రయత్నించండి, భలే ఉంటుంది.

ఇంకోటి, పైన చెప్పిన ఐదు ప్రధాన సంఖ్యల్నీ గుణిస్తే 4294967295 వస్తుంది, మన సంఖ్య కంటే సరిగ్గా 2 తక్కువ. కంప్యూటర్‌లో 32 బిట్లలో (అంటే 0 గానీ 1 గానీ ఉండే 32 స్థానాల్లో) పట్టే అతి పెద్ద సంఖ్య కూడా అదే. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు చూడగానే గుర్తుపడతారు.